ముగ్గురం వెళ్ళి ఇద్దరం తిరిగొచ్చిన దారి

మా ఆయన ఉద్యోగం పోయిందన్న సంగతి నాకు అమెరికా సరిహద్దులో, బూత్‌లో కూర్చున్న ఆఫీసర్ అడిగిన ఒక ప్రశ్నతో తెలిసింది. అప్పటికది పోయి ఇరవై మూడు రోజులు. ఆ ఇరవై మూడు రోజులూ మేం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. చివరి పది రోజులైతే వంటగదీ పడకలూ ఉన్న ముప్పై అడుగుల బండిలో, ఆర్వీలో, ఒకళ్ళు లేచి నడవాలంటే ఇంకొకళ్ళు ఒదిగి నిలబడాల్సినంత చోటులో బతికాం. అయినా నాకు తెలియలేదు.

ఆ ప్రయాణం మా అమ్మాయి కోరిక. మాకు ఒక్కతే కూతురు, అమెరికాలోనే పుట్టింది. అప్పుడు దానికి పదిహేనేళ్ళు. ఇంకో రెండేళ్ళు పోతే మాతో ఎక్కడికీ రాదని మాకూ తెలుసు. అందుకని జనవరిలోనే ఆర్వీ బుక్ చేసుకున్నాం. కాలిఫోర్నియాలో మా ఊరు శాన్ రామన్‌లో బయల్దేరి, కెనడా కొండలన్నీ చూసుకుని, మోంటానా రాష్ట్రం మీదుగా దిగి ఇంటికి రావాలి. నడిపేది మా ఆయన. ఆ బండి అద్దెకిచ్చినవాళ్ళు పార్కింగ్ లాట్‌లో ఇద్దరికీ నేర్పిస్తామన్నారు. "నాకెందుకు, తనే నడుపుతాడు" అని నేను వెళ్ళి నీడలో నిలబడ్డాను. కాగితాల మీద మాత్రం రెండో డ్రైవర్‌గా నా సంతకం తీసుకున్నారు.

పదో రోజు పొద్దున కెనడాలో, ఆల్బర్టా రాష్ట్రంలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో నిద్ర లేచాం. ఆగస్టే అయినా గాలి చలిచలిగా ఉంది. ఆర్వీలో ఉంటే పొద్దున పనులు ఎవరివి వాళ్ళకుంటాయి. అమ్మాయి పరుపులు మడిచేది. నేను స్టవ్ కట్టేసి, గిన్నెలు కడిగి, ఫ్రిజ్ తలుపుకి గొళ్ళెం పెట్టేదాన్ని. మురుగునీళ్ళ గొట్టం విప్పి, ట్యాంక్ ఖాళీ చేసి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చి అల్మారాలన్నీ మూశామా లేదా అని ఒక్కొక్కటే చేత్తో నొక్కి చూడటం మా ఆయన వంతు. ఆ రోజు అదంతా చేసి, ఫోన్ పట్టుకుని వెనకున్న గుట్ట మీదికి ఎక్కాడు. సిగ్నల్ కోసం రోజూ అలా ఎక్కేవాడు. దిగొచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది.

"వెకేషన్‌లో కూడా ఆఫీసేనా?" అన్నాను.

"ఒక చిన్న కాల్. అయిపోయింది" అన్నాడు.

అది ఒక కంపెనీలో చివరి రౌండ్ ఇంటర్వ్యూ అయ్యాక వచ్చిన కాల్ అనీ, తీసుకోవడం లేదని చెప్పారనీ నాకు తర్వాత తెలిసింది. ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుని తను మాతో బయల్దేరాడు.

ఇక్కడ వీసా గురించి నాలుగు మాటలు చెప్పాలి. మా ఇద్దరికీ ఎవరి హెచ్-వన్, అంటే ఉద్యోగం మీద ఇచ్చే వీసా, వాళ్ళకుంది, ఎవరి కంపెనీ వాళ్ళది. పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ గడువు ఇద్దరిదీ ఎప్పుడో అయిపోయింది. కానీ కెనడాకి వెళ్ళి ముప్పై రోజుల లోపల తిరిగొస్తే, ఉద్యోగంలో ఉన్నవాళ్ళని ఆ పాత స్టాంప్ మీదే రానిస్తారు. బయల్దేరేముందు నేను మా కంపెనీ లాయర్‌ని అడిగాను. పర్లేదు వెళ్ళండన్నారు.

"నువ్వు మీ లాయర్‌ని అడిగావా?" అన్నాను తనతో.

"అడిగిన. ఏం కాదన్నరు" అన్నాడు.

మా ఆయనది వరంగల్ వైపు, మాది గుంటూరు. ఇంజినీరింగ్‌లో ఒకే బ్యాచ్. అందుకని మా మధ్య నువ్వూ నువ్వే. ఇన్నేళ్ళలో నాతో పెద్ద అబద్ధం ఆడిన గుర్తు లేదు. అడగలేదేమోనన్న అనుమానమే నాకు రాలేదు.

పదకొండింటికి సరిహద్దు చేరాం. బూత్ ఇంకా కాస్త దూరం ఉందనగా నేను ఫ్రిజ్‌లో మిగిలిన నిమ్మకాయలూ టమాటాలూ కరివేపాకూ ఒక కవర్లో కట్టి రోడ్డు పక్క చెత్తడబ్బాలో వేసొచ్చాను. వాటి మూలంగా ఏమైనా గొడవవుతుందేమోనని నా భయం. ఆ పొద్దున నాకున్న భయం అదొక్కటే.

మా ముందు ఆరేడు బండ్లున్నాయి. మా వంతొచ్చాక మా ఆయన అద్దం దించి మూడు పాస్‌పోర్టులు ఇచ్చాడు. అమ్మాయిది నీలం రంగు అమెరికాది, మా ఇద్దరివీ వీసా కాగితాలు పిన్ను కొట్టిన పాత ఇండియావి. ఆఫీసర్ యాభై ఏళ్ళ మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. ఎన్ని రోజులున్నారు, ఏం చూశారు, పండ్లూ మాంసం ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. తర్వాత నా వైపు తిరిగి ఎక్కడ పనిచేస్తున్నారని అడిగాడు. చెప్పాను. అదే ప్రశ్న తనని అడిగాడు.

మా ఆయన జవాబు చెప్పలేదు. ఇంజిన్ చప్పుడు వల్ల వినబడలేదేమో అనుకున్నాను. "నువ్వెక్కడ పనిచేస్తున్నావని అడుగుతున్నారు" అని నేనే అందించాను కూడా.

తను స్టీరింగ్ మీద రెండు చేతులూ అలాగే ఉంచి, ఎదురుగా చూస్తూ, ఇంగ్లీషులో అన్నాడు. "ప్రస్తుతం ఎక్కడా పనిచేయడం లేదు. గత నెల నన్ను లే ఆఫ్ చేశారు."

నేను నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది నాకు. ఆఫీసర్‌తో ఈ జోకులేంటి అనుకున్నాను. తర్వాత మా ఆయన మెడ మీద ఉబ్బిన నరం చూశాను.

సరిహద్దు ఆఫీసర్‌కి అబద్ధం చెప్పి దొరికితే జన్మలో మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. అది మా అందరికీ తెలుసు. అందుకే నిజం చెప్పాడు. నాకు నిజం చెప్పడానికి తనకి అలాంటి భయం ఏదీ పెట్టలేదు ఎవరూ.

బండి పక్కకి తీసి ఆపమన్నారు. తాళం చెవులు తీసుకున్నారు. లోపల ఒక హాలు, గోడకి బిగించిన కుర్చీలు, అద్దం వెనక నలుగురు ఆఫీసర్లు. ఫోన్లు వాడొద్దని బోర్డు. మమ్మల్ని కూర్చోమన్నారు. అమ్మాయి మా ఇద్దరి మధ్య కూర్చోబోయి, మా మొహాలు చూసి, రెండు కుర్చీలు వదిలి అవతల కూర్చుంది.

తర్వాత గొంతు తగ్గించి అడిగాను. "ఎప్పుడు?"

"పోయిన నెల. నువ్వు డెంటిస్ట్ దగ్గరికి పోయిన రోజు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనుకున్న. రోజూ పొద్దున లేవంగనే అనుకున్న. ఇంకోటి దొరికినంక రెండూ ఒక్కసారే చెప్తే అయిపోతది అనుకున్న."

"మరి లాయర్‌ని అడిగానన్నావ్?"

"జాబ్ పోయినంక అరవై రోజుల టైం ఉంటది కదా అనుకున్న. ఎవర్నన్న అడిగితే ఆ మాట ఈ మాట నీదాకొస్తదని భయం. ట్రిప్ వద్దంటే ఎందుకంటవు. ఏమని చెప్పాలె?"

మళ్ళీ తనే అన్నాడు. "మార్చిలో మీ ఫ్రెండ్ వాళ్ళాయన జాబ్ పోయి ఇంట్ల ఉన్నప్పుడు నువ్వేమన్నవో యాదికుందా?"

గుర్తుంది. వాళ్ళింట్లో భోజనానికి వెళ్ళి కార్లో తిరిగొస్తున్నాం. ఆయన నాలుగు నెలలుగా ఇంట్లో ఉండి పిల్లలకి లంచ్ బాక్సులు కడుతున్నాడని నా ఫ్రెండ్ కన్నీళ్ళు పెట్టుకుంది. కార్లో నేను, "పెళ్ళాం సంపాదిస్తుంటే ఆ ముద్ద ఎలా దిగుతోందో ఆయనకి" అన్నాను. ఏదో మాటల్లో అన్న మాట. మా ఆయన అప్పుడు కారు నడుపుతున్నాడు.

"ఇప్పుడు తప్పు నాదంటావా?" అన్నాను.

"అనట్లే. అడిగినవు కాబట్టి చెప్పిన."

గంటన్నర తర్వాత పిలిచారు. ఈసారి ఒక ఆడ ఆఫీసర్ మాట్లాడింది. ఓపిగ్గా, చిన్న పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. ఉద్యోగం పోయాక ఇచ్చే అరవై రోజుల గడువు దేశం లోపల ఉన్నవాళ్ళకే. గడప దాటి బయటికొస్తే అది అక్కడితో సరి. ఉద్యోగం లేకుండా ఆ వీసా మీద ఆయన్ని లోపలికి రానివ్వలేం. నిజం చెప్పారు కాబట్టి ఆయన మీద ఏ మచ్చా పెట్టకుండా, తనంతట తనే వెనక్కి వెళ్తున్నట్టు రాసుకుంటాం. అమ్మాయి ఈ దేశపు పౌరురాలు. మీ ఉద్యోగం మీకుంది. మీరిద్దరూ వెళ్ళొచ్చు. లేదా ముగ్గురూ కలిసి కెనడాకి తిరిగి వెళ్ళొచ్చు. మీ ఇష్టం.

మాట్లాడుకోవడానికి కొంత టైమిచ్చింది.

మా ఆయన నన్ను ఒకటే అడిగాడు. "ఇక్కడ బస్సు గిస్సు ఏం లేవు. దగ్గర్ల ఉన్న ఊరి దాక దింపిపోరాదు? గంట దారి. నువ్వు, బిడ్డ రేపు పొద్దున మళ్ళ దాటుర్రి."

అంతే అడిగాడు. తనతో ఉండమనలేదు. ఒక్క గంట దూరం దింపమన్నాడు.

"దింపి మళ్ళీ ఈ లైన్లోకొచ్చి నిలబడాలా? రేపు ఇంకో ఆఫీసర్ ఉంటాడు. మీ ఆయన ఏడని అడుగుతాడు. నన్ను కూడా ఆపేస్తే? సోమవారం నాకు ఆఫీసు, దానికి స్కూలు. ఈ బండి శుక్రవారానికి అప్పజెప్పాలి. నాకూ పోతే ముగ్గురం రోడ్డు మీద పడతాం" అన్నాను.

అందులో అబద్ధం లేదు. ఆ మాట ఎవరితో చెప్పినా, నువ్వు చేసింది కరెక్టే అంటారు. కానీ నేను దింపనన్నది అందుకు కాదు. తను గుట్ట దిగి వచ్చి "అయిపోయింది" అన్నప్పుడు నేను నవ్వుతూ టీ అందించాను. ఆ టీ నా కళ్ళ ముందు ఉంది. నేను తెలివితక్కువదాన్నయ్యాను, అది నా కూతురి ముందు, ముక్కూ మొహం తెలియని ఆఫీసర్ ముందు బయటపడింది. తనకి నొప్పి తెలియాలని ఉంది నాకు.

"సరే. నువ్వన్నది కరెక్టే" అన్నాడు తను.

బట్టలు సర్దడానికి నన్ను ఒక ఆఫీసర్‌తో ఆర్వీలోకి పంపారు. తను హాల్లోనే ఉన్నాడు. నాలుగు జతలు, బ్రష్, ఫోన్ చార్జర్, తన ఫైలు ఒక బ్యాగ్‌లో పెట్టాను. తలుపు పక్క కొక్కేనికి తన జాకెట్ వేలాడుతోంది. బయట గాలికి జెండా కర్ర టకటకలాడుతోంది. జాకెట్ వైపు చూశాను. తీసి బ్యాగ్‌లో పెట్టలేదు. మర్చిపోయానని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకోబోయాను. మర్చిపోలేదు.

అమ్మాయి వాళ్ళ నాన్నని పట్టుకుని వదల్లేదు. "డాడీ, వై కాంట్ యూ కమ్? నేను సిటిజెన్ కదా, నేను వాళ్ళకి చెప్తా" అంటోంది. మా ఆయన దాని వీపు నిమురుతూ, "రెండు మూడు వారాలు బిడ్డా. పేపర్లు చేసుకోని ఒచ్చేస్త. అమ్మకు దారి చెప్పు. మిర్రర్లు చూడమను" అన్నాడు. నాతో, "మలుపుల కాడ వెనక భాగం బయటికి తిరుగుతది, ఎడంగ తీస్కో" అన్నాడు. అదే చివరి మాట. ఇద్దరు ఆఫీసర్లు తనని వెనక ద్వారం గుండా తీసుకెళ్ళారు. కెనడా బూత్ వైపు నడుస్తుంటే అద్దంలోంచి కనిపించాడు. చేతుల్లేని టీషర్టు లాంటిది వేసుకున్నాడు ఆ రోజు. బ్యాగ్ ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. వెనక్కి చూస్తాడేమో అనుకున్నాను, చూడలేదు.

ఒంటిగంటన్నరకి ఆ బండి డ్రైవర్ సీట్లో మొదటిసారి కూర్చున్నాను. సీటు తన కాళ్ళకి సరిపోయేలా వెనక్కి ఉంది. ముందుకి జరుపుకోవడం చేతకాలేదు. అమ్మాయి కిందకి వంగి ఏదో మీట లాగితే జరిగింది.

మోంటానాలో ఆ రోడ్డు చెట్టనేది లేకుండా పోతుంది. ఎండిన గడ్డి, తీగల కంచెలు, దూరంగా ఎక్కడో ఒక కొట్టం. కుడివైపు నుంచి గాలి. ఆర్వీ గోడ పెద్ద అట్టపెట్టె లాగా గాలిని పట్టుకునేది. ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ బండి ఒకసారి అటు లాక్కుని, లారీ దాటగానే ఇటు వదిలేసేది. నలభై మైళ్ళ స్పీడు దాటించలేకపోయాను. వెనక కార్లు బారులు కట్టి హారన్లు కొట్టి ఒక్కొక్కటే దాటిపోయాయి. చెమటకి చేతులు స్టీరింగ్‌కి అంటుకున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి తీసే ధైర్యం లేదు.

ఒక గుట్ట దిగుతుంటే వెనక పెద్ద చప్పుడైంది. అల్మారా తెరుచుకుని ప్లేట్లూ గ్లాసులూ నేల మీద పడి దొర్లుతున్నాయి. బట్టలు సర్దేటప్పుడు నేనే తెరిచాను దాన్ని. నొక్కి చూసేవాళ్ళు లేరు. అమ్మాయి బెల్టు తీయబోయింది. "లేవకు!" అని అరిచాను. ఆ అరుపుకి అది బిగుసుకుపోయింది. ఆ తర్వాత ముప్పై మైళ్ళు ఆ స్టీలు గ్లాసులు ప్రతి మలుపులోనూ అటూ ఇటూ దొర్లుతుంటే వింటూ నడిపాను.

నాలుగింటికి ఒక చిన్న ఊరి బయట పెట్రోల్ బంకు కనిపిస్తే లోపలికి తిప్పాను. పోయించుకున్నాక బయటికొచ్చేటప్పుడు ఎక్కువ తిప్పేశాను. వెనక ఎవరో రాయి పెట్టి కొట్టినట్టయింది. దిగి చూస్తే బండి వెనక మూల పంపు పక్కనున్న పసుపు రంగు ఇనుప స్తంభాన్ని గీసుకుని ఇరుక్కుంది. వెనక లైటు పగిలి ఎర్ర ముక్కలు కింద పడ్డాయి. బంకు లోపలి నుంచి ఒక పెద్దాయన, పశువుల కాపరి కాబోలు, టోపీ పెట్టుకుని వచ్చాడు. ఒక్కసారి చుట్టూ తిరిగి చూసి, "ముందుకి వెళ్ళకమ్మా, చిన్నగా వెనక్కి రా, స్టీరింగ్ నేను చెప్పిన వైపు తిప్పు" అని చేతులు ఊపుతూ బయటికి తీయించాడు. ఎర్ర టేపు తెచ్చి పగిలిన లైటు మీద అతికించాడు. "మీ ఇద్దరేనా?" అని అడిగాడు. ఇద్దరమే అన్నాను.

ఆయన వెళ్ళాక బండి పక్కకి ఆపి, నేల మీద గ్లాసులు ఏరాను. అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, మనం వెనక్కి వెళ్దాం."

"కుదరదు."

"ఇట్స్ ఓన్లీ ఎయిటీ మైల్స్. డాడీ అక్కడే ఉంటాడు. కార్ లేదు కదా."

"వెళ్తే మళ్ళీ నన్ను రానిస్తారో లేదో తెలీదు. అర్థం చేసుకో."

"ఆ లేడీ నీకు ఓకే అని చెప్పింది. నేను విన్నా."

అది ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండు అనిపించింది. తనకొచ్చిన తెలుగులోనే, మాటకి మాట వెతుక్కుంటూ అంది. "డాడీ లై చెప్పాడు. అది తప్పు. బట్, నువ్వు డాడీని వదిలేశావ్."

గ్లాసులన్నీ సింకులో వేసి, అల్మారాలు ఒక్కొక్కటే నొక్కి చూశాను. మళ్ళీ డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. రోడ్డెక్కే చోట ఎడమకి తిరిగితే సరిహద్దు, కుడికి తిరిగితే ఇల్లు. నిజంగానే కాసేపు ఆగాను. తర్వాత కుడికి తిప్పాను. అమ్మాయి వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చుంది. శాన్ రామన్ చేరేదాకా నా పక్క సీట్లోకి మళ్ళీ రాలేదు.

ఏడింటికి ముందే ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం. కరెంటు వైరు ఎక్కడ గుచ్చాలో, నీళ్ళ గొట్టం ఏ మూతకి బిగించాలో తెలియక తిప్పలు పడుతుంటే పక్క ఆర్వీలో ముసలి దంపతులు వచ్చి బిగించి పెట్టారు. అమ్మాయి తిననంది. నేను పెరుగన్నం కలుపుకుని రెండు ముద్దలు తిని పక్కన పెట్టాను. అప్పుడు ఫోనొచ్చింది.

"ఏడున్నరు? బండి సక్కగ నడిచిందా?" అన్నాడు.

"నడిచింది. నువ్వు?"

"హోటల్ల ఉన్న. ఇప్పుడే ఒచ్చిన."

ఒంటిగంటన్నర నుంచి అప్పటిదాకా ఏం చేశాడో ముక్కలుగా చెప్పాడు. కెనడా వాళ్ళు గంటసేపు ప్రశ్నలు వేసి వదిలారు. ఊరి నుంచి టాక్సీ పిలిస్తే రావడానికి ఒకడు ఒప్పుకోలేదు, ఇంకొకడు ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు అయ్యాక వస్తానన్నాడు. బయట బెంచీ మీద మూడు గంటలు కూర్చున్నాడు. మధ్యలో వాన కూడా పడిందట.

"చలేసిందా?" అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

"జర. జాకెట్ పెట్టుకునుడు నేనే మరిచిన" అన్నాడు.

బ్యాగ్ సర్దింది నేనని ఇద్దరికీ తెలుసు. నిజం చెప్పడానికి అదొక అవకాశం. నేను, "రేపు ఒకటి కొనుక్కో" అన్నాను.

ఇల్లు చేరాక మా కంపెనీ లాయర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ అంతా వింది. తర్వాత అంది. "ఇంట్లో ఉండగా చెప్పి ఉంటే ఆయన్ని మీ వీసా కిందకి డిపెండెంట్‌గా మార్చేవాళ్ళం. ఒక అప్లికేషన్, అంతే. ఇప్పుడు మాత్రం ఆయన బయటి దేశంలో అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకి వెళ్ళి స్టాంపింగ్ చేయించుకోవాలి." ఆ ఇరవై మూడు రోజుల్లో ఏ పొద్దున తను నోరు విప్పినా సరిపోయేది. మార్చిలో ఆ రాత్రి కార్లో నేను నోరు మూసుకున్నా సరిపోయేదేమో.

రెండు మూడు వారాలన్నది ఎనిమిది నెలలైంది. కెనడాలో, కాల్గరీ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంట్ దొరకలేదు. హైదరాబాద్ వెళ్ళి వాళ్ళ తమ్ముడింట్లో ఉన్నాడు. అక్కడా డేటు రెండుసార్లు వెనక్కి జరిగింది. ఇంటర్వ్యూ అయ్యాక ఇంకేదో చెకింగ్ అని పాస్‌పోర్ట్ చాలాకాలం ఇవ్వలేదు. అమ్మాయి పదహారో పుట్టినరోజు వీడియో కాల్‌లో చూశాడు. అక్కడ తెల్లవారుజాము. వెనక వాళ్ళ తమ్ముడి ఇంట్లో ఎవరూ లేవకూడదని గుసగుసగా పాట పాడాడు. అది స్క్రీన్ వైపు చూస్తూ కేక్ కోసింది, తర్వాత గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ ఎనిమిది నెలలూ నాతో అవసరమైనంతే మాట్లాడింది. హోంవర్క్ అయిందా అంటే అయింది. తిన్నావా అంటే తిన్నాను.

ఏప్రిల్‌లో తను వచ్చాడు. ఎయిర్‌పోర్ట్‌లో చూసి గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. జుట్టు ముందువైపంతా తెల్లబడింది, మనిషి సగమయ్యాడు. అమ్మాయి పరుగెత్తుకెళ్ళి పట్టుకుంది. నేను సూట్‌కేసులున్న బండి పట్టుకున్నాను.

నా మీద డిపెండెంట్‌గా వచ్చాడు కాబట్టి, పని చేయడానికి వర్క్ పర్మిట్ రావడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది. అన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్నాడు. వంట చేశాడు, అమ్మాయిని స్కూల్లో దింపాడు, లంచ్ బాక్స్ కట్టాడు. నేను ఆఫీసు నుంచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంటే నాకు వడ్డించి, తను తర్వాత తింటానని లేచేవాడు. "ఇప్పుడే కూర్చో" అని అంటే, "తిన్నలే ఇందాక" అనేవాడు. తను తింటుంటే నేను చూడకూడదని అలా చేస్తున్నాడని అర్థమవడానికి నాకు చాలా రోజులు పట్టింది. అర్థమయ్యాక కూడా ఆ కార్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని నేను చెప్పలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తర్వాత ఒక ఉద్యోగం దొరికింది, ముందుదానికంటే చిన్నది. ఇప్పుడు అందరం కలిసే తింటాం. ఎక్కువ మాట్లాడుకోం.

మొన్న ఒక ఫ్రెండ్ ఇంట్లో పది పన్నెండు మంది కలిశాం. ఎవరో ఆర్వీ ట్రిప్ వేద్దామన్నారు. ఇంకెవరో, "వీళ్ళనడగండి, వీళ్ళకి కెనడా అనుభవం ఉంది" అన్నారు. ఆ సంగతి అందరికీ కొంత కొంత తెలుసు, పూర్తిగా ఎవరికీ తెలియదు. మా ఆయన నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఇంటర్వ్యూ కోసం గుట్టలెక్కడం, ఆఫీసర్ ప్రశ్న, బెంచీ మీద వాన, టాక్సీ వాడు తన ప్రేమకథ చెప్పడం. మధ్యమధ్యలో ఏవేవో కలిపాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"మరి ఆవిడ మిమ్మల్ని అలా వదిలేసి ఎలా వచ్చారండీ?" అని ఆ ఇంటావిడ అడిగింది, నవ్వు ఆపుకుంటూ.

"ఆమె రానే రానన్నది. ఏడ్చింది. ఊరి దాకన్న దింపిపోత అని ఒకటే పట్టు. నేనే వినలే. నువ్వు పో, బిడ్డను తీస్కోని పో అని నేనే ఎల్లగొట్టిన" అన్నాడు.

"అబ్బ, ఎంత మంచి జంటో" అని ఎవరో అన్నారు.

అమ్మాయికిప్పుడు పద్దెనిమిది. సోఫా చివర ఫోన్ చూసుకుంటూ కూర్చున్నది తలెత్తి నా వైపు చూసింది. నేనేం చెప్తానా అని చూసింది. మా ఆయన నా వైపు చూడలేదు. ఇంటావిడ, "నిజమేనా?" అని నన్నే అడిగింది.

"అవును" అన్నాను. అమ్మాయి లేచి ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.